పద్దెనిమిది నిండాక

జర్మన్ వార్తాపత్రికలు తిరగేసే అలవాటున్న వాళ్ళకి ఒక మాట తరచు తగులుతుంది. బెర్లిన్‌లో చేసిన చట్టం ఎవరికైనా నచ్చకపోతే "కార్ల్స్‌రూహెకి వెళ్తాం" అంటారు. మనవైపు "సుప్రీంకోర్టు దాకా వెళ్తాను, ఏమనుకున్నావో!" అన్నట్టే. 1951 నుంచి సమాఖ్య రాజ్యాంగ న్యాయస్థానం మా ఊళ్ళోనే ఉంది కనుక, ఊరి పేరే కోర్టుకి మారుపేరై కూర్చుంది. రాజభవనం పక్కన, చెట్ల మధ్య, పెద్ద పెద్ద అద్దాలతో ఉండే ఆ భవనానికి మనం అనుకునే కోర్టు లక్షణాలేవీ కనిపించవు. ఆదివారం పూట పిల్లల్ని బొటానికల్ గార్డెన్‌కి తీసుకెళ్ళే మనవాళ్ళు చాలామంది అదేమిటో తెలియకుండానే దాని పక్కనుంచి నడిచిపోతుంటారు.

పోయిన సంచికలో పింఛను లెక్కలు రాశాక, ఈసారైనా కాస్త తేలిక విషయం రాయమని మిత్రులు కోరారు. ఈసారిది ఇంకా బరువైనది. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ గురించి.

పిల్లల గురించి కాదు. రెండేళ్ళ పిల్లవాడికి మాటలు రాకపోతే ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు పదిమంది దొరుకుతారు. స్పీచ్ థెరపీ, ప్రత్యేక బడి, ఎవరో చెప్పిన డైటు, ఇంకెవరో చెప్పిన గుడి. ఆ పిల్లవాడే పెరిగి పాతికేళ్ళ మనిషయ్యాక, గడ్డం గీసుకోవడానికీ రోడ్డు దాటడానికీ ఇంకొకరి చెయ్యి కావలసివచ్చినప్పుడు చెప్పేవాళ్ళు మాయమైపోతారు. వాళ్ళని కలుసుకునే అవకాశమూ తక్కువే. ఉగాదికి రారు, పిక్నిక్‌కి రారు.

ఆటిజం అనగానే మనవాళ్ళ మొదటి ప్రశ్న "అయితే లెక్కల్లో దిట్టా?" అని. ఇది సినిమాల పుణ్యం. 1988లో వచ్చిన 'రెయిన్ మాన్'లో డస్టిన్ హాఫ్‌మన్ నటన చూసి ప్రపంచమంతా ముచ్చటపడింది. ఆ సినిమా చివర ఆ అన్నగారిని రైలెక్కించి మళ్ళీ సంస్థకే పంపేస్తారన్న సంగతి మాత్రం అడిగితే చాలామందికి గుర్తుండదు. ఇక్కడికి దగ్గర్లోని వాల్డార్ఫ్‌లో పనిచేసే మిత్రులు ఇంకో మాట చెప్తారు. వాళ్ళ శాప్ కంపెనీ 2013లో ఆటిజం ఉన్నవాళ్ళని ఉద్యోగాల్లోకి తీసుకునే కార్యక్రమం మొదలుపెట్టింది, అందులో మన బెంగళూరుకీ భాగం ఉంది. మంచి పనే, సందేహం లేదు. కానీ అది సాఫ్ట్‌వేరు పరీక్షించగలిగిన వాళ్ళకి. నేను చెప్పబోయేది వేరేవాళ్ళ సంగతి.

మా ఊళ్ళో ఒక తెలుగు కుటుంబం ఉంది. గుంటూరు వైపువాళ్ళు. రాయమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు. అబ్బాయికి ఇప్పుడు 24. మాటలు తక్కువ, అవీ రెండు భాషల్లో పంచుకుని ఉంటాయి. ఆకలి, పెరుగు, వద్దు, చాలు తెలుగులో. ట్రాము, టైము, రంగులు, వారాలు జర్మన్‌లో. దుర్లాఖ్ నుంచి ఊరి మధ్యదాకా స్టాపులన్నీ వరసతప్పకుండా చెప్తాడు, కానీ ఒంటరిగా రోడ్డు దాటలేడు. ఎవరూ పక్కన లేకపోతే పళ్ళు తోముకోవడానికి వెళ్ళి, పంపు తిప్పి, నీళ్ళ కింద చెయ్యి పెట్టి అరగంట అలా నిలబడిపోతాడు. బ్రష్షు ఎలా పట్టుకోవాలో తెలియక కాదు. ఒక పని నుంచి తర్వాతి పనికి దాటడానికి ఇంకొకరి మాట కావాలి. ఫ్రిజ్ మీద వాళ్ళమ్మ బొమ్మల కార్డులు వరసగా అంటించింది: పళ్ళు, స్నానం, చొక్కా, ఇడ్లీ, బూట్లు, ట్రాము. ఆ వరసలో ఒకటి తప్పితే ఆ పూట ఇంట్లో ఎవరికీ తిండి ఉండదు.

వరస తప్పడం ఇంట్లోనే జరగాలని లేదు. 2021 డిసెంబరులో కైజర్‌స్ట్రాసె మీద తిరిగే ట్రాములన్నీ భూగర్భంలోకి వెళ్ళిపోయాయి. ఊరంతా పండగ చేసుకుంది, పదేళ్ళకు పైగా తవ్విన సొరంగం మరి. ఈ అబ్బాయికి మాత్రం ఒక్క రాత్రిలో ఎవరో ఊరిని ఎత్తుకుపోయినట్టయింది. మూడు వారాలు ట్రాము ఎక్కలేదు. చివరికి తల్లీ, సాయానికి వచ్చే ఒక కుర్రాడూ కలిసి రోజుకొక స్టేషను చొప్పున కిందికి దింపి చూపించి, మెట్లు లెక్కపెట్టించి, మళ్ళీ పైకి తీసుకొచ్చారు. ఇప్పుడు తలకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని దర్జాగా వెళ్తాడు. "మొక్కై వంగనిది మానై వంగునా" అని మనకొక సామెత ఉంది. ఆటిజం ఉన్నవాళ్ళ విషయంలో దాన్ని పక్కన పెట్టేస్తే మంచిదని నా అభిప్రాయం. పందొమ్మిదేళ్ళకి కొత్త ఊరు నేర్చుకున్నాడు.

పగలు వెర్క్‌ష్టాట్‌కి వెళ్తాడు. అంటే దివ్యాంగుల కోసం నడిచే పనిశాల. మేకులూ మరలూ లెక్కపెట్టి సంచుల్లో వేస్తాడు. దేశం మొత్తంలో ఇలాంటి పనిశాలల్లో దాదాపు 3 లక్షల మంది ఉన్నారు. జీతం అంటారు గానీ సగటున నెలకి 200 యూరోల పైచిలుకే, కనీస వేతన చట్టం వాళ్ళకి వర్తించదు. ఐక్యరాజ్యసమితి కమిటీ 2015లో ఒకసారీ, 2023లో మరోసారీ దీని మీద జర్మనీకి అక్షింతలు వేసింది. విమర్శ న్యాయమైనదే. అయితే 20 ఏళ్ళు అక్కడ పనిచేస్తే పింఛను హక్కు వస్తుందన్నదీ, పొద్దున లేచి వెళ్ళడానికి ఒక చోటుందన్నదీ ఆ తల్లికి చిన్న విషయాలు కావు. ఆ మాత్రం పని కూడా చెయ్యలేని వాళ్ళకి బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో పగటిపూట వేరే సంరక్షణ విభాగం ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ అబ్బాయికి పద్దెనిమిది నిండిన రోజున ఇంట్లో కేకు కోశారు. మర్నాడు బ్యాంకువాళ్ళు తల్లిదండ్రులతో, "మీ అబ్బాయి ఇప్పుడు మేజరు, అతని ఖాతా గురించి మీతో మాట్లాడలేం" అన్నారు. ఆవిడ నాతో అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది. "కన్నతల్లిని అన్నయ్యగారూ! నా కొడుకు తరఫున సంతకం పెట్టడానికి జడ్జిగారి అనుమతి కావాలా?"

కావాలి. జర్మనీలో పద్దెనిమిది నిండాక ఎంత సాయం అవసరమైన మనిషికైనా తల్లిదండ్రులు వాటంతటవే చట్టబద్ధ ప్రతినిధులు కారు. ఊళ్ళో ఉన్న ఆమ్ట్స్‌గెరిష్ట్‌లో, అంటే కింది కోర్టులో, సంరక్షణ విభాగానికి దరఖాస్తు పెట్టుకోవాలి. కోర్టు ఒక 'బెట్రోయర్'ని నియమిస్తుంది. చాలామంది విషయంలో అది అమ్మో నాన్నో అవుతారు. ఈ మాటని మనవాళ్ళు 'గార్డియన్' అని అనువదించుకుంటారు. అక్కడే చిక్కు. 1991 చివరిదాకా ఇక్కడా మనం అనుకునే గార్డియన్ పద్ధతే ఉండేది. కోర్టు ఒక మనిషిని అసమర్థుడని ప్రకటించి అతని చట్టపరమైన నోరు పూర్తిగా మూసేసేది. 1992 జనవరి 1 నుంచి ఆ పద్ధతి రద్దయింది. బెట్రోయర్ ఉన్నంత మాత్రాన ఆ మనిషి హక్కు పోదు. ఏయే విషయాల్లో సాయం కావాలో కోర్టు విడివిడిగా రాస్తుంది: వైద్యం, డబ్బు, ఆఫీసు కాగితాలు, ఇల్లు. మిగతావి అతనివే. 2023 జనవరిలో వచ్చిన సవరణ ఇంకొక అడుగు వేసి, బెట్రోయర్ తనకి మంచిదనిపించింది కాక ఆ మనిషి కోరుకున్నది చెయ్యాలని స్పష్టంగా రాసింది.

ఇంత జాగ్రత్త ఎందుకని ఆశ్చర్యపోయేవాళ్ళు ఒక్కసారి స్వాబియన్ ఆల్బ్ కొండల్లోని గ్రాఫెనెక్‌కి వెళ్ళి రండి, మనకి అంత దూరం కాదు. 1940లో ఒక్క ఏడాదిలో అక్కడ 10,654 మంది దివ్యాంగులనూ మానసిక రోగులనూ విషవాయువుతో చంపారు. మన బాడెన్ ప్రాంతపు ఆసుపత్రులనుంచి కూడా బస్సుల్లో తీసుకెళ్ళారు. ఎవరి జీవితానికి విలువ ఉందో కాగితం మీద గుర్తు పెట్టి నిర్ణయించారు. ఒక మనిషి తరఫున ఇంకొకరు నిర్ణయం తీసుకోవడమంటే ఈ దేశపు చట్టం ఉలిక్కిపడడానికి ఆ చరిత్ర కూడా ఒక కారణమని నేననుకుంటాను.

జడ్జిగారు ఇంటికే వచ్చారు. ఆ మనిషిని స్వయంగా చూసి మాట్లాడకుండా నిర్ణయం ఇవ్వకూడదని నియమం. అబ్బాయిని అడిగారు: "ఉత్తరాలు, డబ్బు, ఇవన్నీ చూడడానికి నీకు ఎవరు సాయం చెయ్యాలి?" చాలాసేపు కిటికీలోంచి చూసి, "అమ్మ. నాన్న కాదు" అన్నాడట. నాన్న ఫోన్లో గట్టిగా మాట్లాడతాడు, గదిలో అటూ ఇటూ తిరుగుతాడు. అదీ కారణం. జడ్జిగారు ఆ రెండు ముక్కలూ రాసుకున్నారు, అలాగే ఉత్తర్వూ వచ్చింది. ఆయన కాస్త నొచ్చుకున్న మాట నిజం. ఇప్పుడు మాత్రం ఫోను వస్తే బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడుతున్నారు. పద్దెనిమిదేళ్ళలో ఆ ఇంట్లో అబ్బాయిని ఆ ప్రశ్న అడిగింది ఆ జడ్జిగారే మొదటిసారని ఆవిడే ఒప్పుకుంది.

ఇక్కడే మా ఊరి పెద్ద కోర్టు సంగతి. సమాఖ్య ఎన్నికల చట్టంలో చాలాకాలం ఒక వాక్యం ఉండేది. అన్ని విషయాలకీ బెట్రోయర్ ఉన్న వ్యక్తికి ఓటు లేదు. 2013 పార్లమెంటు ఎన్నికలప్పుడు అలా ఓటు పోయినవాళ్ళు 80 వేలకు పైనే. వాళ్ళలో కొందరూ, నేరవిచారణలో శిక్షార్హులు కారని ఆసుపత్రిలో ఉంచినవాళ్ళు కొందరూ, మొత్తం ఎనిమిదిమంది కార్ల్స్‌రూహె మెట్లెక్కారు. 2019 జనవరి 29న కోర్టు ఆ వాక్యం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. కోర్టు పట్టుకున్న లోపం చూడండి, ఎంత సులువైనదో. ఒకే రకమైన స్థితిలో ఇద్దరుంటారు. ఒకరికి ఇంట్లోవాళ్ళే అన్నీ చూసుకుంటారు గనుక కోర్టు బెట్రోయర్‌ని నియమించదు, అతనికి ఓటుంటుంది. ఇంకొకరికి ఎవరూ లేరు గనుక బెట్రోయర్‌ని పెడతారు, ఓటు పోతుంది. ఓటు వెయ్యగలడా లేడా అన్నదానికీ, బెట్రోయర్ ఉన్నాడా లేడా అన్నదానికీ సంబంధమేమిటి? అదే ఏప్రిల్ 15న ఇంకొక ఉత్తర్వుతో, మే 26న జరిగే యూరోపు ఎన్నికల్లోనే వాళ్ళు దరఖాస్తు పెట్టుకుని ఓటు వెయ్యవచ్చని కోర్టు చెప్పింది. చట్టాన్ని పార్లమెంటు ఆ ఏడాదే మార్చింది.

బూత్‌లో సాయం తీసుకోవచ్చు. కానీ ఆ సాయం ఓటరు తానే తీసుకున్న నిర్ణయాన్ని కాగితం మీద పెట్టడానికే. నిర్ణయం మాత్రం సాయం చేసేవాళ్ళది కాకూడదు, అలా చేస్తే నేరం. మన కుటుంబం అప్పటికే జర్మన్ పౌరసత్వం తీసుకుంది కనుక 2025 ఫిబ్రవరి 23న ఈ అబ్బాయి ఓటుకి వెళ్ళాడు. జనం ఉండరని ఉదయం తలుపులు తెరవగానే వెళ్ళారు. లోపల చాలాసేపు ఉన్నాడు. ఏ కాగితాన్నైనా నాలుగు మడతలు పెట్టడం అతని అలవాటు, అలాగే పెట్టి పెట్టెలో వేశాడు. ఎవరికి వేశాడని తండ్రి దారిలో అడగబోతే తల్లి కళ్ళతోనే ఆపింది.

మన దేశంలో ఈ విషయం ఎలా ఉందో కూడా చెప్పుకోవాలి. రాజ్యాంగం 326వ అధికరణం మతిస్థిమితం లేకపోవడాన్ని ఓటు తొలగించడానికి ఒక కారణంగా చెప్తుంది. 1950 నాటి చట్టం, కోర్టు అలా ప్రకటించినవాళ్ళకే అది వర్తిస్తుందంటుంది. సంరక్షణకి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉంది. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకి జిల్లా స్థాయి కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 'పరిమిత సంరక్షణ' అని, ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకునే పద్ధతి పెట్టింది. కాగితం మీద అది బెట్రోయుంగ్‌కి దగ్గరగానే ఉంటుంది. ఇండియాకి తిరిగి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు సికింద్రాబాదులో మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థతో ముందుగానే మాట్లాడడం మంచిది. ఇక్కడి కోర్టు ఉత్తర్వు చూపిస్తే అక్కడ పనైపోతుందని మాత్రం అనుకోకండి.

"అడగందే అమ్మైనా పెట్టదు" అన్న సామెత జర్మన్ సంక్షేమ చట్టానికి అచ్చంగా సరిపోతుంది. ఫ్లేగెగెల్డ్, అంటే ఇంట్లో చూసుకునేవాళ్ళకి సంరక్షణ బీమా ఇచ్చే డబ్బు, దరఖాస్తు పెట్టిన నెల నుంచే లెక్క. అంతకుముందు పదేళ్ళు చూసుకున్నా ఆ పదేళ్ళకీ పైసా రాదు. 2025 జనవరి నుంచి రెండో గ్రేడుకి నెలకి 347 యూరోలు, మూడుకి 599, నాలుగుకి 800, ఐదుకి 990. గ్రేడు తేల్చడానికి పరీక్షకులు ఇంటికి వస్తారు. మనవాళ్ళు ఇక్కడ చేసే పని చూస్తే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. ఇంటికి అతిథి వస్తున్నట్టు ముందురోజే ఇల్లంతా సర్దేస్తారు, అబ్బాయికి తలదువ్వి ఇస్త్రీ చొక్కా వేస్తారు, వచ్చినాయనకి కాఫీ, జంతికలు. "మా వాడు అన్నం తనే తింటాడండీ, బట్టలు తనే వేసుకుంటాడండీ" అని గొప్పగా చెప్పుకుంటారు. పరువు మరి! ఆయన అదే రాసుకుని వెళ్తాడు. చెంచా నోటిదాకా ఎత్తగలడా అన్నదొక్కటే కాదు అక్కడ లెక్క. ఎవరూ గుర్తుచెయ్యకుండా, పక్కన నిలబడకుండా తింటాడా అన్నది. "ఇప్పుడు సబ్బు", "ఇప్పుడు తువ్వాలు" అని రోజూ చెప్పడం కూడా సాయం కిందికే వస్తుంది. రెండు వారాలు డైరీ రాయండి, రాత్రి ఎన్నిసార్లు లేచారో సహా. ఆ డైరీ ఆయన చేతికివ్వండి. జంతికలు తర్వాత పెట్టొచ్చు.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. పాతికేళ్ళలోపు మొదలైన వైకల్యం వల్ల సొంతంగా బతకలేని పిల్లలకి కిండర్‌గెల్డ్ వయసు పరిమితి లేకుండా వస్తుంది. తల్లిదండ్రుల ఆరోగ్య బీమాలో కూడా షరతులకి లోబడి కొనసాగవచ్చు. దివ్యాంగుల కార్డు మీద 'హెచ్' గుర్తుంటే ఊళ్ళ ట్రాములూ లోకల్ రైళ్ళూ ఉచితం, 'బి' గుర్తుంటే తోడు వెళ్ళేవాళ్ళకి టికెట్టు అక్కర్లేదు. విడిగా ఇల్లు, రోజువారీ సాయకులు కావాలంటే అడగవలసింది మీరున్న చోటిని బట్టి: కార్ల్స్‌రూహె నగరంలో ఉంటే నగరపాలక సంస్థ, బ్రూఖ్‌జాల్, ఎట్లింగెన్‌లలో ఉంటే జిల్లా కార్యాలయం. ఈ సాయానికి 2020 నుంచి పెద్దవాళ్ళైన పిల్లల తల్లిదండ్రుల జీతం చూడరు. ఈ కాగితాలు నింపడంలో ఉచితంగా సలహా ఇచ్చే కేంద్రాలు దేశమంతటా ఉన్నాయి, 'ఇ.యు.టి.బి.' అని అడగండి.

ఇక ప్రతి తల్లీ తండ్రీ రాత్రిపూట అనుకునే మాట: మా తర్వాత? ఇందులోనూ మా ఊరి ఇంకొక కోర్టు చెయ్యి ఉంది. సివిల్ వ్యాజ్యాల్లో ఆఖరి మెట్టైన బుండెస్‌గెరిష్ట్స్‌హోఫ్ కూడా ఇక్కడే ఉంది. మామూలుగా ఆస్తి పిల్లవాడి పేరున పడితే, జీవనభృతి ఇచ్చే కార్యాలయం 10,000 యూరోలు మినహా మిగతాది ముందు ఖర్చుపెట్టుకోమంటుంది. అది అయిపోయేదాకా భృతి ఆగిపోతుంది. తల్లిదండ్రులు కడుపు కట్టుకుని దాచిందంతా కొన్నేళ్ళలో కరిగిపోతుంది. దీనికి విరుగుడుగా ఒక ప్రత్యేకమైన విల్లు రాస్తారు. పిల్లవాడు ముందు వారసుడు, అతని తర్వాత ఇంకొకరు, మధ్యలో డబ్బు చూడడానికి జీవితాంతం ఒక నిర్వాహకుడు. ఆ డబ్బుతో సెలవులకి తీసుకెళ్ళవచ్చు, కొత్త హెడ్‌ఫోన్లు కొనవచ్చు, భృతి ఆగదు. ఇది ప్రభుత్వాన్ని మోసం చెయ్యడం కాదా అని వాదన వస్తే, 1990 మార్చిలో ఆ కోర్టు కాదని చెప్పింది, ఆ తర్వాతా అదే మాట మీద నిలబడింది. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా చూసి రాసుకోకండి, ఒక్క పదం తేడాకి మొత్తం పోతుంది. నోటరీకి ఇచ్చే ఫీజు దండగ కాదు. గుంటూరులోనో హైదరాబాదులోనో ఫ్లాటు ఉంటే దానికి అక్కడి చట్టమే, అక్కడి వకీలే.

చివరగా మన కార్యవర్గం వారికి ఒక మనవి. ఆ కుటుంబం రెండు ఉగాదులకి వచ్చి మూడోదానికి మానేసింది. ఎవరూ ఏమీ అనలేదట. స్పీకర్లు, ఒకేసారి రెండు వందల మంది మాటలు, భోజనాలకి ముప్పావుగంట వరస. అబ్బాయి చెవులు మూసుకుని బల్ల కిందికి వెళ్ళాడు, నలుగురూ గుమిగూడి "ఏమైంది బాబూ" అన్నారు, ప్రేమతోనే. కావలసింది పెద్ద ఏర్పాటేమీ కాదు. అలాంటివాళ్ళకి ముందుగా ఒక విస్తరి, అందులో పెరుగన్నం విడిగా. తలుపు వేసుకోగలిగిన ఒక చిన్న గది, లైటు తగ్గించి. హాలు బుక్ చేసేటప్పుడే అడగండి. ఈ చుట్టుపక్కల అద్దెకి దొరికే హాళ్ళలో చాలావాటికి పక్కన అలాంటి గది ఒకటి ఉంటుంది. మనం దాంట్లో కోట్లూ, చెప్పులూ, మిగిలిపోయిన పేపరు ప్లేట్ల పెట్టెలూ పెడుతుంటాం.